నరసరావుపేటలో మంచినీళ్ళు

రంగూను మీద మొదటి బాంబు పడింది 1941 డిసెంబరు 23న. అమ్మా నేనూ ఓడ ఎక్కింది ఆ తరువాతి జనవరిలో. నరసరావుపేట స్టేషనులో దిగింది ఫిబ్రవరి మొదటి వారంలో. మొదటి తారీఖు చరిత్ర పుస్తకాల్లో ఉంది. తక్కిన రెండూ అమ్మ తన బైబిలు అట్టలోపల పెన్సిలుతో రాసుకుంది. ఆ వేసవిలో జరిగిన వాటికి మాత్రం ఎవరూ తారీఖు వేసి ఉంచలేదు. తారీఖు లేని జ్ఞాపకాన్ని నేను సాధారణంగా నమ్మను. అందువల్ల నెల తెలిసిన చోట నెల చెబుతాను, తెలియని చోట ఊరుకుంటాను.

నేను రంగూనులో పుట్టాను. అమ్మ కూడా అక్కడే పుట్టింది. నాన్న ఒక్కడే పలనాటి మనిషి. చిన్నతనంలో వెళ్ళి, రేవులో దిగే సరుకు లెక్క రాసే గుమాస్తా అయ్యాడు. యుద్ధం వచ్చాక రేవు ఉద్యోగులను కదలనివ్వలేదు. మమ్మల్ని ఓడ ఎక్కించి ఆయన ఆగిపోయాడు. బర్మా ఇండియా నుంచి వేరుపడి అప్పటికి అయిదేళ్ళు కావస్తోంది. కాబట్టి మేము సొంత ఊరికి చేరామని అందరూ అన్నా, లెక్క ప్రకారం ఒక దేశం విడిచి మరో దేశంలో అడుగుపెట్టిన వాళ్ళమే.

నరసరావుపేటలో నాన్నకు ఒక అన్న ఉన్నాడు. పెదనాన్న పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు. ఇల్లు ఊరి చివర, చర్చి వెనక, మాలపల్లెలో. నాపరాళ్ళు పరిచిన ఒకే గది, ముందు చిన్న పంచ. పెద్దమ్మ వాళ్ళు మాకు ఆ గది ఇచ్చి తాము పంచలోకి మారారు. ఆవిడ ప్రేమకు నేను వంక పెట్టను. అయితే తిండి పడలేదు. రంగూనులో మూడు పూటలా అన్నం తిన్నవాళ్ళం, ఇక్కడ జొన్న సంకటి. మా తెలుగులో హిందుస్తానీ, బర్మా మాటలు కలిసి వచ్చేవి. పల్లె పిల్లలు మా వెనకే నడుస్తూ మా మాటలను మాకే అప్పజెప్పి నవ్వేవారు. నేను చెప్పులు తొడుక్కుని బజారుకు బయలుదేరితే పెద్దమ్మ ఆపి, విడిచి వెళ్ళమంది. కాళ్ళు కాలతాయన్నాను. ఊళ్ళోకి పోయేటప్పుడు మనం అట్టాగే పోతామంది. బురద వల్ల కాబోలనుకున్నాను. వర్షం లేని ఊళ్ళో బురదెక్కడిదని ఆలోచించలేదు. ఆవిడ వెంట ఉంటే విప్పేదాన్ని, ఒంటరిగా వెళితే తొడుక్కునేదాన్ని.

ఓడలో డెక్కు మీద పడుకుని వచ్చినప్పుడే అమ్మకు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. మార్చి నెలాఖరుకు లేచి కూర్చోలేని స్థితికి వచ్చింది. పల్లెకున్న బావి ఒకటే, దాని నీరు ఉప్పు. పప్పు ఉడికేది కాదు. అమ్మ కడుపులో నిలిచేది కాదు. మిషను ఆసుపత్రి డాక్టరు మందిచ్చి, మందు కన్నా నీళ్ళు ముఖ్యమన్నాడు. మంచినీళ్ళు కాచి చల్లార్చి రోజంతా పట్టాలి, ఆ ఉప్పునీళ్ళే పోస్తే మనిషి దక్కదని పెదనాన్నతో చెప్పాడు. పెదనాన్న ఆ మాట నా ఎదుటే పెద్దమ్మకు చెప్పాడు.

పెద్దమ్మ నన్ను మిషను బంగళా బావికి వెళ్ళమంది. కొన్నాళ్ళు అక్కడి నుంచే తెచ్చాను. ఏప్రిల్లో ఆ బావి అడుగంటింది. ఒకనాడు గేటుకు తాళం వేసి ఉంది. ఖాళీ బిందెతో నిలబడి ఉండగా, తడి బిందె చంకనెత్తుకుని పోతున్న ఒకావిడ నన్ను చూసి, బజారు చివర మంచినీళ్ళ బావి ఉంటే ఇక్కడ నిలబడ్డావేందని అడిగింది. నేను బజారు చివరికి వెళ్ళాను.

రంగూనులో మా వీధికి ఒక కుళాయి ఉండేది. బిందెలు వరసలో పెట్టేవాళ్ళం. వరసలో ఎవరి బిందె ముందుంటే వారిది ముందు. మరో నియమం ఉంటుందని నాకు తెలియదు. బావి దగ్గర కూడా బిందె వరసలో పెట్టాను. నా చీరకట్టు, నా మాట, ఇత్తడి బిందె, అన్నిటికీ మించి కాళ్ళకున్న చెప్పులు చూసి వాళ్ళు నన్నేమీ అడగలేదు. మాలపల్లె పిల్ల చెప్పులు తొడుక్కుని ఆ బజారున నడిచి వస్తుందన్నది వారి ఊహకు అందని విషయం.

చేద వేయడం నాకు చేతకాలేదు. కిరాణా కొట్టు వారి ఇంటి పెద్దావిడ ఒకామె నా పక్కకు వచ్చి, నా చేతుల మీద తన చేతులు వేసి తాడు ఎలా వదలాలో చూపింది.

“గుంజమాక. మునగనియ్యి. అది నీళ్ళు తాగిందాకా ఆగాల.”

ఆమెను నేను మామ్మగారూ అని పిలిచేదాన్ని. ఆమె నన్ను రంగూన్ దొరసానీ అనేది.

“ఏమే దొరసానీ, మీ రంగూన్లో నీళ్ళు వాటంతటవే వచ్చి బిందెలో దూకుతయ్యంటగా?”

కుళాయి తిప్పితే దూకుతాయండీ అన్నాను. గట్టు మీద ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. నరసరావుపేటలో నన్ను వెక్కిరిస్తూ కాక, నేను చెప్పిన జవాబుకు జనం నవ్వడం అదే మొదలు. నాకు ఊరు అలవాటు కావడం ఆ గట్టు మీదనే మొదలయింది.

మే నెల మూడో వారం వరకు ఇలా జరిగింది. ఇంట్లో ఎవరితోనూ నేను అబద్ధం చెప్పలేదు. పెద్దమ్మ ఆ నీళ్ళు బంగళా బావివే అనుకుంది, నేను ఆమె అలా అనుకుంటున్నదని ఎరగను. అమ్మ గంజి తాగి నిలుపుకుంది. గోడకు చేరగిలబడి కూర్చుంది. నాన్న దగ్గర నుంచి కబురేమైనా వచ్చిందా అని మళ్ళీ అడగసాగింది.

ఒకరోజు మామ్మగారు అమ్మ ఎలా ఉందని అడిగింది. కుదుటపడుతోందని చెప్పాను. పల్చటి మజ్జిగ పడితే ఇంకా త్వరగా కోలుకుంటుంది, మా పనిమనిషి చేత పంపుతాను, మీ ఇల్లెక్కడో చెప్పమంది. నేను సంతోషంగా చెప్పాను. చర్చి వెనక మాలపల్లెలో మా పెదనాన్నగారి ఇల్లని, మిల్లులో పనిచేస్తారని, ఎవరినడిగినా చూపిస్తారని.

ఆమె చేతిలో తాడు ఉంది. చేద సగం దాకా పైకి వచ్చి ఉంది. ఆమె తాడు వదిలేసింది. అది కింద పడిన చప్పుడు విన్నాను.

“బిందె తీసుకుని గట్టు దిగు,” అంది. గొంతు పెంచలేదు. వెనక ఉన్న పడుచుది ఒకతె కేకలు పెడితే, ఊరుకోవే, పరదేశం పిల్ల, అని ఆమెను కసిరింది. తరువాత నా వైపు చూడకుండానే, “బిందెలో ఉన్నయ్ పారబోసి పో,” అంది.

పారబోసి వెళ్ళాను.

ఆ సాయంత్రమే పెదనాన్నను పిలిపించారు. ఆయన పైగుడ్డ నడుముకు చుట్టుకుని వీధిలో నిలబడితే పెద్దలు అరుగు మీద కూర్చుని మాట్లాడారు. పరదేశంలో పుట్టిన పిల్ల, తెలవక చేసింది బాబూ అన్నాడట.

“తెలవకపోతే తెలియజెప్పాల్సింది ఎవరు?” అని అడిగారట.

మర్నాడు బావి శుద్ధి చేయించారు. తెల్లవారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా కూలి మనుషులు చేదలతో నీరంతా తోడి బజారు కాలవలో పోశారు. ఆ వేసవిలో ఊళ్ళో ఎండని మంచినీళ్ళ బావులు ఎన్నో లేవు. ఆ నీళ్ళు కాలవ వెంబడి పారి మా పల్లె మొదట్లో ఇంకిపోవడం నేను కళ్ళారా చూశాను. పెదనాన్నను మిల్లుకు రావద్దన్నారు. అంటరానివారని బావుల నుంచి తరమరాదని మద్రాసు శాసనసభ 1938లోనే చట్టం చేసింది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత చదువుకుంటే తెలిసింది. అప్పుడు నరసరావుపేటలో నాకు తెలిసిన వారెవరి నోటా ఆ మాట రాలేదు.

పెద్దమ్మ నన్ను కొట్టలేదు. గుమ్మంలో కూలబడింది.

“ఏంది పిల్లా నువ్వు చేసింది? నడక రాని బిడ్డకు గూడా తెలుసే ఇది. ఇది గూడా ఒకళ్ళు చెప్పాలని నాకెట్టా తెలుస్తది?”

అది నిజమే. ఊపిరి ఎలా పీల్చాలో ఎవరూ ఎవరికీ చెప్పరు. ఆ ఊళ్ళో అది అటువంటి విషయం.

బంగళా బావి ఎండిపోయింది. అమ్మకు మళ్ళీ ఉప్పునీళ్ళే గతి అయ్యాయి. వారం తిరగకుండా మళ్ళీ పడుకుంది. పెదవులు పగిలాయి, పిలిస్తే కళ్ళు తెరిచేది కానీ పలికేది కాదు. డాక్టరు వచ్చి చూసి, పోయినసారి చెప్పిందే మళ్ళీ చెప్పి వెళ్ళాడు.

అప్పుడు పెద్దమ్మ నన్ను చెప్పులు లేకుండా వెంటబెట్టుకుని ఆ బావికే తీసుకువెళ్ళింది. గట్టుకు ఎడంగా, పశువులు తాగే రాతి తొట్టి అవతల, మా పల్లె ఆడవాళ్ళు ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. నెలకు పైగా ఆ బావికి వచ్చాను, ఆ తొట్టి పక్కనుంచే నడిచాను. వాళ్ళు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నారనుకున్నానే తప్ప, నీళ్ళ కోసమని అనుకోలేదు. వాళ్ళు నన్ను గట్టు మీద చూడలేదా అని తరువాత పెద్దమ్మను అడిగాను. తల వంచుకుని నిలబడేవాళ్ళకు ఎదుటివాళ్ళ పాదాలే కనపడతయ్యంది.

“ఇక్కడ నిలబడు,” అంది పెద్దమ్మ. “అడగమాక. మొహంలోకి చూడమాక. ఎవురన్నా పోస్తే బిందె కిందబెట్టి ఎడంగా జరుగు. పొయ్యకపోతే రేపొద్దాం.”

ఆ రోజు ఎవరూ పోయలేదు. మరునాడు మిగిలిన వాళ్ళకు పోశారు, నా బిందె దగ్గరికి వచ్చి ఆగి వెనక్కు మళ్ళారు. బావి పాడు చేసిన పిల్ల నేనేనని అందరికీ తెలుసు. మూడో రోజు పొద్దెక్కాక, మిగతావాళ్ళు వెళ్ళిపోయిన తరువాత, తొట్టి దాకా ఒకరు నడిచి వచ్చారు. చెప్పినట్టే బిందె కిందపెట్టి జరిగాను. పైనుంచి నీళ్ళు ధారగా పడ్డాయి. బిందె నిండి పొర్లేదాకా పోశారు. తల ఎత్తకపోయినా ఆ చేతులు నాకు తెలుసు. తాడు ఎలా వదలాలో నా చేతుల మీద పడి నేర్పిన చేతులవి. అప్పుడు ఆనుకుని నిలబడ్డ మనిషి, ఇప్పుడు ఒక చుక్క చింది తన మీద పడకుండా చేయి చాచి ఎత్తున పోసింది.

ఇంటికి తెచ్చి కాచి, చల్లారాక గ్లాసుతో అమ్మకు పట్టాను. ఒక గ్లాసు తాగింది. ఇంకొకటి అడిగింది. రెండూ కడుపులో నిలిచాయి. పెద్దమ్మ ఆ నీళ్ళు ఎలా వచ్చాయో అప్పటికే అమ్మకు చెప్పి ఉంది. రంగూనులో ఒకసారి ఎవరో కుళాయి దగ్గర నన్ను తోశారని వీధిలోకి వెళ్ళి కొట్లాడి వచ్చిన మనిషి అమ్మ. ఇప్పుడూ ఏదో ఒకటి అంటుందని నేను కాచుకుని ఉన్నాను.

అమ్మ గ్లాసు నా చేతికిచ్చి పక్కకు తిరిగి పడుకుంది.

“రేపు ఇంకా పెందరాళే పోయి నిలబడు,” అంది.