కేపు తీసిన తుపాకీ

ఎన్నికల కోడ్ అమల్లోకి వచ్చిన వారమే నన్ను బంగారుపాళ్యం వైపు ఒక పోలీస్ స్టేషన్‌కు డ్యూటీ మీద పంపారు. అప్పట్లో నేను చిత్తూరులో ఆర్మరర్‌ని, అంటే ఆయుధాల తనిఖీ, మరమ్మతు చూసే హెడ్ కానిస్టేబుల్‌ని. ఎన్నికలు ముగిసేదాకా లైసెన్సుదారులు తమ తుపాకులను స్టేషన్‌లో అప్పగించాలి. వాటిని పరీక్షించి తీసుకోవడం నా పని.

మునిరత్నం అనే మామిడితోటల ఆసామి మోటారు సైకిల్ మీద వచ్చాడు. వెనక కూర్చున్న భార్య సుగుణమ్మ తుపాకీని ఒళ్లో నిలబెట్టి పట్టుకుంది. గొట్టం మూతి సరిగ్గా ఆమె గడ్డం కింద ఉంది. అది చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఖాళీదేనన్నాడతను. గొట్టంలోకి కడ్డీ వదిలాను. అడుగుదాకా పోవలసిన కడ్డీ జానెడు పైనే ఆగింది. లోపల మందూ గుళ్లూ కూరి ఉన్నాయి.

"కేపు తీసేసినా కదా సార్, ఇంకెట్ల పేలతాది?" అన్నాడు.

అది మూతిలోంచి మందు కూరే రకం. కూరినదాన్ని కాల్చకుండా బయటికి తీయడం పెద్ద పని. అందుకే వేట నుంచి వచ్చినవాళ్లు నిప్పు పుట్టించే కేపు ఒక్కటి పీకేసి, తుపాకీని గోడకు తగిలిస్తారు. లోపలి మందు అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. బుద్ధున్నవాడు దాన్ని పెళ్లాం చేతికిస్తాడా? అందరి ముందూ గట్టిగానే తిట్టాను. లైసెన్సు పంట కాపలాకే గాని పందుల వేటకు కాదని కూడా చెప్పాను. నవ్వాడు. గొట్టంలోని మందూ గుళ్లూ తోడేశాకే తుపాకీని తీసుకున్నాను.

అతను సంతకాలకు లోపలికి పోగానే సుగుణమ్మ నా దగ్గరికి వచ్చింది.

"నేను దాని కిందనే పండుకుంటా సార్. ఏం జేస్తే అది సస్తాదో సెప్పండి."

గొట్టంలో నీళ్లు పోస్తే మందు చస్తుందని, కాకపోతే తుప్పు పడుతుందని చెప్పాను. ఆమె తలాడించి వెళ్లిపోయింది.

ఎన్నికలయ్యాక నిబంధన ప్రకారం తుపాకీ తిరిగి ఇచ్చేశారు. వానాకాలంలో మునిరత్నం దాన్ని బాగు చేయమంటూ చిత్తూరులో నా దగ్గరికే వచ్చాడు. పందుల వేటకు పోయాడట. పొద కదిలితే, అందులో ఏముందో చూడకుండానే కాల్చాడట. కేపు టప్పుమంది గాని తుపాకీ పేలలేదు.

"పందే అనుకున్యా సార్. సూస్తే మా బామ్మర్ది లేసి నిలబడినాడు," అని పకపకా నవ్వాడు.

ఆ బామ్మర్ది సుగుణమ్మ సొంత తమ్ముడు. పోలీసు ముందు చెబుతున్నానన్న భయం కూడా లేదు ఆ మనిషికి. చెంప పగలగొట్టాలనిపించింది. ఎలాగో తమాయించుకుని, మెలి ఉన్న కడ్డీతో గొట్టం తోడాను. నల్లటి బురద వచ్చింది. అంతకుముందు వేటకు కూరి, అలాగే గోడకు తగిలించిన మందు అది. దాన్ని ఎవరు తడిపారో నాకు తెలుసు. చెబితే ఆమెను బతకనివ్వడు, అందుకని చెమ్మ పట్టిందన్నాను. తుపాకీని అక్కడే ఉంచుకుని పై అధికారికి నివేదిక పంపాను. లైసెన్సు రద్దయింది.

కూరిన తుపాకీ ఇంటి గడప లోపలికి రాకూడదు. కంటికి కనబడనిదాని మీద గురి పెట్టకూడదు. ఈ రెండు ముక్కలు మునిరత్నం తలకు ఎక్కలేదు. సుగుణమ్మ చెంబుడు నీళ్లు పోయబట్టి ఆమె తమ్ముడు బతికాడు.