టికెట్ లేని ప్రయాణికుడు

ఆ జూన్ ఉదయం ఫీనిక్స్ బే జెట్టీలో దీవుల మధ్య తిరిగే మాయాబందర్ బోటు ఎక్కినవి: ఎనిమిది కోళ్లు, ఒక కుట్టుమిషను, టికెట్లు కొన్న అరవై మంది జనం. డిప్లొమా ముగించి ఆ బోటులో కొత్తగా ట్రైనీగా చేరిన నా పని తలలు లెక్కపెట్టడం. లెక్క కుదరందే బోటు కదలదు.

రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై రెండు!

కిటికీ పక్కన రెయిన్‌కోటు ముసుగులో కదలకుండా కూర్చున్నవాడి మీద అనుమానం వచ్చింది. "భయ్యా, టికెట్?" అన్నాను. పలకలేదు. "టికెట్ లేకపోతే దిగు, లేదా పోలీసును పిలుస్తా!" అని అరిచి భుజం పట్టి కుదిపాను.

"అరే, ధీరే, మెల్లగా! అది విరిగితే రేపు పండక్కి నిన్ను ఊరేగిస్తామా?" అంటూ పక్కనున్న రోజమ్మ దీదీ ముసుగు తీసింది. వాన తగలకుండా కప్పిన పునీత అంతోనివారి విగ్రహం! మా చర్చిలో విగ్రహాలుండవు, నాకెలా తెలుస్తుంది?

బోటంతా నవ్వింది. ఆయన్ని తీసేసినా ఇంకా ఒకరు ఎక్కువే. సిగ్గుపడుతూ మళ్ళీ మొదలుపెట్టబోతే, వెనక బెంచీలోని లుంగీ ఆసామి గొడుగు కూడా వదిలేసి జెట్టీ మీద పరుగెడుతూ కనిపించాడు.

"మొక్కుకుంటే పోయిన సామాన్లే చూపిస్తారనుకున్నాం. మా అంతోనివారు దొంగల్నీ పట్టిస్తారన్నమాట," అంది దీదీ.

అప్పటినుంచి ముసుగులు తీయించాకే లెక్కపెడుతున్నాను. ఆ రోజు రిజిస్టరులో రాసిన సంఖ్య: అరవై.