కుడివైపు పైమూల

ఒక పట్టుచీర నా ఇంజినీరింగు డిగ్రీని కొంచెంలో ఎగరగొట్టేది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

మాది పెనుకొండ, కాలేజీ హిందూపురంలో. లావు మానిటర్ల రోజులవి. పట్టుచీరలో లోపాన్ని కంప్యూటరు చేత పట్టించడం నా చివరి ఏడాది ప్రాజెక్టు. మనిషి కన్ను బొమ్మనంతా ఒకేసారి చూడదు, అవసరమైన చోటి నుంచి చోటికి గెంతుతుంది. కంప్యూటరుకీ ఆ గెంతులే నేర్పితే సరి అనుకున్నాను. ఇందులో పాసైతేనే బెంగళూరులో వచ్చిన ఉద్యోగం నిలిచేది.

గెంతులు ఎవరివి కావాలి? ధర్మవరంలో మా మేనమామ ఉన్నాడుగా. ముప్పై ఏళ్ళుగా చీరలు నేస్తున్నాడు, ఒక్క పోగు తెగినా పట్టేస్తాడు. ఆయన ఒళ్ళో చీర, ఎదురుగా వెబ్‌క్యామ్ పెట్టి, కళ్ళు ఎటు పోతే ఆ చోటు రాసుకున్నాను. ఆయనకు కుడిపక్క పై గూట్లో టీవీలో క్రికెట్ నడుస్తోంది. పరిశోధనకు ప్రశాంతత అవసరమని సౌండు ఆపించాను. టీవీ ఆపించలేదు.

"మామా, దినామూ ఎట్ల చూస్తావో అట్లే చూడు."

"అట్లే చూస్తాండా లేప్పా."

వైవా రోజు లోపమున్న చీరను మామే తెచ్చాడు, నా చేతికిచ్చి పంపే ధైర్యం లేక. దాన్ని ఫొటో తీసి కంప్యూటరుకి చూపించాను. తెర మీద కంప్యూటరు చూపును చూపించే ఎర్రచుక్క చీరను ఒకసారి పలకరించి, కుడివైపు పైమూలకు పోయి కూర్చుంది. మళ్ళీ నడిపాను. మళ్ళీ అక్కడే.

"ఆ మూలలో ఏముందయ్యా?" అన్నారు ఎగ్జామినరు.

"ముప్పై ఏళ్ళ అనుభవం సార్," అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మామ లేచాడు. చీర మీద అరచెయ్యి పెట్టి, కిటికీ బయటి మోటారు సైకిళ్ళను చూస్తూ వేళ్ళు జరిపాడు. "ఈడ తెగిండాది సార్ పోగు."

"మామా, నువ్వు చీర వైపే చూడలేదే?"

"చీరను వేళ్ళతో చూస్తారప్పా. కండ్లు ఊరికే ఉంటాయి కదా అని ఆ పొద్దు మ్యాచి చూస్తాంటి. నువ్వు అదే రాసుకుంటాంటివి, నీకేందో పనికొస్తాదిలే అనుకుంటి."

ఎగ్జామినరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీ ప్రోగ్రాంలో తప్పేం లేదయ్యా. టీవీ ఎక్కడుందో సరిగ్గా కనిపెట్టింది," అని పాస్ మార్కులు వేశారు. ఒక్క మార్కు కూడా ఎక్కువ వెయ్యలేదు.

ఆ చీర సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకపై పనిమంతుడు ఎవరు కనిపించినా ముందు ఆయన చేతులు చూస్తాను. అది మరిచిపోయినా, కనీసం టీవీ ఆపుతాను.