జీడితోట దీపం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ ఒక మనిషిని వెక్కిరించేవాళ్లు. ఆయన మా మావయ్య, అంటే మా మేనత్త భర్త. లైట్‌హౌసులకు సరుకులు చేరవేసే ఓడలో ఆఫీసరు. ఓడ ఆఫీసరు సంబంధం కుదిరిందని మా తాతయ్య మొదట ఊరంతా చెప్పుకున్నాడు. ఆ ఓడ దేశాలు తిరగదని, ఒడ్డు వెంబడే పోతూ దీపాలకు నూనె, కాపలా వాళ్లకు బియ్యం, మంచినీళ్లు అందిస్తుందని తెలిశాక మాత్రం, "దీపాలు తుడిసే అల్లుడు" అని పదిమందిలో నవ్వడం మొదలుపెట్టాడు. చిన్నపిల్లనైనా నాకు ఒళ్లు మండేది. మావయ్య విననట్టే ఉండేవాడు.

ఆ పని ఏమిటో సెలవులకు వచ్చినప్పుడు నాకు చెప్పేవాడు. రేవు లేని చోట ఓడ దూరంగానే ఆగిపోతుందట. డబ్బాలన్నీ చిన్న పడవలోకి దించుకుని, అలల మీద ఎగిరిపడుతూ ఒడ్డు చేరాలట. దారి తెలియడానికి నీటి మీద తేలే గుర్తులుంటాయి కదా, వాటిని గొలుసులతో సహా ఓడ మీదికి లాగి, పట్టిన గుల్లలు గీకి, రంగు వేసి, మళ్లీ అదే చోట దించాలట. ఒక్కో లైట్‌హౌసు ఒక్కో రకంగా ఆరుతూ వెలుగుతుందని, దాన్ని బట్టే ఓడవాడు తానెక్కడున్నాడో తెలుసుకుంటాడని ఆయన దగ్గరే విన్నాను. మా ఊరొచ్చినా అంతే. పొద్దు గూకగానే ఇసుక దిబ్బ ఎక్కి, దూరాన మా లైట్‌హౌసు వెలిగిందో లేదో చూసుకున్నాకే అన్నానికి కూర్చునేవాడు. దానికీ మా వాళ్లు నవ్వేవాళ్లు.

మాది ఉద్దానం. కొబ్బరితోటలు ఊరిని ఆనుకుని, జీడితోట సముద్రం పక్కన దిబ్బ మీద. ఆ ఏడు జీడిపళ్ల వాసనకు ఎలుగుబంట్లు ఎగబడ్డాయి. తాతయ్య దిబ్బ మీద పొడుగాటి గుంజ పాతించి, దానికి పెట్రోమాక్సు లైటు కట్టించాడు. ఎలుగులు బెదరాలని దాని ముందు ఒక రేకు వేలాడదీయించాడు. గాలికి ఆ రేకు ఊగుతూ వెలుగును ఒకసారి మూసేది, ఒకసారి తెరిచేది. ఎలుగులు రావడం మానేశాయి. తన తెలివికి తాతయ్య తెగ మురిసిపోయాడు.

మావయ్య సెలవుకి దిగిన పూటే, మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ ఖాళీ తట్టతో వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

"బాబూ, మంచులో మీ తోట దీపం సూసి మావోళ్లు లైట్‌హౌసే అనుకున్నారు. పడవ రాళ్ల మీద పడిపోనాది. నా పెనిమిటి సెయ్యి ఇరిగిపోనాది. ఆ దీపం తీయించీయండి బాబూ" అంది.

లైట్‌హౌసుకు ఎదురుగా వస్తే మెత్తటి ఇసుక రేవు. మా తోటకు ఎదురుగా వస్తే నీటి కింద రాళ్ల వరస. పడవలవాళ్లకు చీకట్లో ఆ తేడా చెప్పేది దీపమే.

"నా తోట, నా దీపం. దారి తెలీనోళ్లు సముద్రంలోకి ఎందుకెల్లాల?" అన్నాడు తాతయ్య.

ఆమె చాలాసేపు బతిమాలింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. ఆమె వెళ్లాక మా వాళ్లంతా ఆమెకు నోరెక్కువని మాట్లాడుకున్నారు గానీ, విరిగిన చెయ్యి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మావయ్య మొహం కందగడ్డలా అయిపోయింది. అయినా మామగారి మీద గొంతు పెంచే అల్లుడు మా వైపు ఉండడు. మర్నాడు నవ్వుతూ, "మావా, మీ తోట సముద్రం మీంచి ఎంత బాగుంటాదో ఎప్పుడైనా సూసినారా? సాయంత్రం పడవలో ఎల్దాం రండి" అన్నాడు. తోటను పొగిడితే తాతయ్య కాదనలేడు. నేనూ ఏడ్చి పడవెక్కాను. నడిపింది చెయ్యి విరిగినాయన తమ్ముడు.

వెలుతురు ఉన్నంతసేపూ తాతయ్య తన కొబ్బరి వరసలు వేలితో చూపిస్తూ సంబరపడ్డాడు. చీకటి పడే వేళకు మంచు దిగి ఒడ్డు కనిపించకుండా పోయింది. అప్పుడు మావయ్య, "మావా, ఈ సముద్రం పక్కనే పుట్టి పెరిగినారు. ఒడ్డుకి మీరే దారి సెప్పాల" అన్నాడు.

తాతయ్య చుట్టూ చూసి, ఆరుతూ వెలుగుతున్న దీపాన్ని చూపించాడు. "అదిగో లైట్‌హౌసు. దానికేసి పోనీ."

పడవ అటు తిరిగింది. కాసేపటికి అలలు రాళ్ల మీద పగిలే చప్పుడు బాగా దగ్గరగా వినిపించింది. తాతయ్య రెండు చేతులా పడవ అంచు పట్టుకుని, "ఏటిది, ఏటిది" అన్నాడు. మావయ్య సైగ చేస్తే పడవ ఆగింది.

"లైట్‌హౌసు అదిగో, ఆ పక్కన మసగ్గా ఉన్నాది. మీరు సూపించింది మీ జీడితోట మావా" అన్నాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు. "ఎక్కడో ఒక్క దీపం ఆరిపోనాదంటే మేం తిండి మానేసి ఓడ తీస్తాం. ఆరిపోయిన దీపం కన్నా అబద్ధమాడే దీపం సెడ్డది."

మర్నాడు ఆయనే దగ్గరుండి గుంజకి సముద్రం వైపు తాటాకుల తడక కట్టించాడు. తోటలోకి వెలుగు ఎప్పటిలాగే పడింది. ఎలుగులు రాలేదు. సముద్రం మీదికి దీపం కనిపించలేదు. ఒక్క తడక, అరపూట పని. దానికోసం ఒక మనిషి చెయ్యి విరగాలా? అతని పెళ్లాం మా గుమ్మం ముందు నిలబడి మాటలు పడాలా? తాతయ్య ఆ ఇంటి గడప తొక్కలేదు. మావయ్యే వెళ్లి, వాళ్లతో పాటు నేల మీద కూర్చుని, తప్పు మా ఇంటిదని చెప్పి వచ్చాడు. తడక కట్టించిన పుణ్యం మాత్రం ఊళ్లో తాతయ్యకే దక్కింది. ఆ చెయ్యి వంకరగానే అతుక్కుంది.

నేటికీ మా వీధి గుమ్మంలో బల్బు మార్చినా, అది దారిన పోయేవాళ్ల కళ్లలో పడుతోందేమోనని బయటికెళ్లి చూసి వస్తాను. చాదస్తమంటారు పిల్లలు. అననీ.

ఇప్పుడు ఆ దిబ్బ మీద, జీడిచెట్లు కొట్టేసిన చోట, ఎవరో రిసార్టు కట్టారు. సముద్రానికి ఎదురుగా పెద్ద పెద్ద లైట్లు ఆరుతూ వెలుగుతుంటాయి. చేతికర్ర ఊతంగా పట్టుకుని వెళ్లి, వాటిని సముద్రం వైపు కనపడకుండా చేయమని అడిగాను. ఆ కుర్ర యజమాని నవ్వి, "పడవోళ్లకి ఇప్పుడు ఫోన్లోనే దారి కనిపిస్తాది మామ్మా" అన్నాడు. ఫోను తడిసిపోతేనో అంటే మళ్లీ నవ్వాడు. నాకు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "సముద్రం మీంచి నీ రిసార్టు ఎంత బాగుంటాదో ఎప్పుడైనా సూసినావా బాబూ" అన్నాను.

రేపు సాయంత్రం వస్తానన్నాడు. ఆ వంకర చెయ్యి ఆయన మనవడి పడవ మాట్లాడి ఉంచాను.