వరండాలో పోలింగ్

ఎన్నికల శిక్షణ తరగతిలో ఈ ఉదయం సిరా సీసా మూత తీశారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు తడి గోనె సంచులు, గంజి, పసిబిడ్డ పొత్తిళ్ళు కలగలిసిన ఒక బడి వాసన గుర్తొచ్చింది. దాంతోపాటే కోపమూ వచ్చింది.

నేను టీచరుగా చేరిన కొత్తలో సావిత్రమ్మగారు మా హెడ్‌మిస్ట్రెస్. కోటబొమ్మాళి మనిషి. తీరంలోని ఒక ఊళ్ళో పంచాయతీ ఎన్నికలకు ఆవిడ ప్రిసైడింగ్ అధికారి, వేలికి సిరా పూసే పని నాది. అప్పుడే తుఫాను వెళ్ళింది. ఇళ్ళు పోయిన మత్స్యకారులంతా పోలింగ్ జరగాల్సిన బడిలోనే తలదాచుకున్నారు. ఎన్నిక వాయిదా వేయమని ఊరు మొత్తుకుంటే వినిపించుకున్న నాథుడు లేడు.

ముందురోజు మేం బ్యాలెట్ పెట్టె దింపుతుండగా జోనల్ అధికారి జీపులో వచ్చాడు. సాయంత్రానికల్లా గదులు ఖాళీ చేయించమన్నాడు. బయట వాన. లోపల ఒక మూల ఎర్రమ్మ అనే బాలింత బిడ్డను పొదువుకుని పడుకుంది. పోటీలో ఉన్న ఇద్దరి మనుషులూ ఆయన వెనక నిలబడి తలలూపారు. మర్నాడు ఆమె ఓటే అడగాల్సినవాళ్ళు! ఆ తలలు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సావిత్రమ్మగారు గొంతు పెంచలేదు.

"ఓట్లు కావాల గానీ, ఓటేసే మనుసులు వద్దేటి సార్? పచ్చి బాలింతని ఈ వానలో ఎక్కడికి పొమ్మంతారు?"

నిబంధనలు ఒప్పుకోవన్నాడాయన. పైకి ఏం రాసుకుంటారో రాసుకోమని చెప్పి, ఆవిడ నావైపు తిరిగింది.

"ఒలే, ఆ బల్ల ఒరండాలోకి లాగు."

వరండా చుట్టూ టార్పాలిన్ పట్టా చుట్టి, మత్స్యకారులే వల తాళ్ళతో బిగించి కట్టారు. మర్నాడు పోలింగ్ అక్కడే జరిగింది. కూలిన ఇళ్ళ రేకులు తీసి తీసి వాళ్ళ వేళ్ళు పుండ్లయ్యాయి. సిరా తగలగానే చుర్రుమని చెయ్యి వెనక్కి లాక్కునేవారు. ఎర్రమ్మ బిడ్డను చంకనేసుకుని వచ్చింది. సిరా పూయించుకుని, మెల్లగా అడిగింది.

"ఓటేసేసినాక గెంటేస్తారేటమ్మా?"

వెనకనుంచి సావిత్రమ్మగారే జవాబిచ్చింది.

"నానున్నాను కదే. ఎల్లి బిడ్డకి పాలియ్యి."

తుఫానును కూడా లెక్కచేయక జనం ఓటేశారని అధికారులు సభ పెట్టి మరీ గొప్పలు చెప్పుకున్నారు. సావిత్రమ్మగారికి మాత్రం మెమో వచ్చింది. పాతపట్నం అవతల ఒడిశా సరిహద్దు బడికి బదిలీ చేశారు. అక్కడే రిటైరయింది. ఒక్కరూ ఆవిడ పేరెత్తలేదు. సిగ్గులేని మనుషులు.

ఈ ఏడూ తుఫాను వచ్చింది. బడులు మళ్ళీ జనంతో నిండాయి. ఇప్పుడు ప్రిసైడింగ్ అధికారిని నేను. పోలింగ్ గదులు ముందురోజే ఖాళీ చేయించాలని శిక్షణ ఇచ్చేవాడు చదువుతుంటే లేచి నిలబడ్డాను. లోపలున్నవాళ్ళు ఎక్కడికి పోవాలని అడిగాను. అది మన పని కాదు, కూర్చోండి మేడమ్ అన్నాడు.

నేను కూర్చోలేదు.