పెద్దల్లుడి కారులో ముందు సీటు

పోయిన వారం మా కారు ఎడమ తలుపు అద్దం దిగనని మొరాయిస్తే నారాయణగూడలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను తలుపు లోపలి అట్ట ఊడదీసి, కాసేపు లోపలికి తొంగి చూసి నన్ను పిలిచాడు. "ఏంది సార్, స్పీకర్ వైర్లు ఉల్టా కలిపిన్రు? రంగులు చూడుండ్రి. సీదా చెయ్యాల్నా?" అన్నాడు. నల్ల టేపు చుట్టిన ఆ రెండు అతుకుల్ని చాలా ఏళ్ల తర్వాత చూస్తున్నాను. "వాటిని ముట్టుకోవద్దు బాబూ, అద్దం సంగతి చూడు" అన్నాను, కాస్త గట్టిగానే. ఎందుకంత గట్టిగా అన్నానో అతనికి అర్థం కాలేదు. అది చెప్పాలంటే మా తోడల్లుడి గురించి చెప్పాలి, అతని గురించి చెప్పాలంటే నా కుళ్లు గురించి చెప్పక తప్పదు.

మా మామగారికి ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను, చిన్నమ్మాయిని అతను. మాది అశోక్‌నగర్, వాళ్లది దోమలగూడ, మామగారిది చిక్కడపల్లిలో ఆటో కూడా తిరగని సందు. అత్తగారు పోయాక ప్రతి ఆదివారం పొద్దున రెండు కుటుంబాల వాళ్లం వెళ్లి ఆయన్ని ఎక్కించుకుని, ఎక్కడో ఒకచోట ఇడ్లీ తిని, ట్యాంక్‌బండ్ చుట్టూ తిప్పి తీసుకురావడం అలవాటైంది. ఇందులో ఎవరూ పైకి చెప్పని పద్ధతి ఒకటుండేది. మామగారు కూర్చునేది పెద్దల్లుడి కారులో, ముందు సీటులో. పెళ్లిళ్లలో బట్టలు పెట్టినా, పండక్కి వడ్డించినా పెద్దల్లుడి తర్వాతే చిన్నల్లుడు కదా, ఇదీ అంతే అని నా లెక్క. ఆదివారం లేవగానే ఆ సీటు తడిగుడ్డతో తుడిచేవాణ్ని. మామగారు ఏదో ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు గానీ, వయసులో ఉన్నప్పుడు నాటకాల వాళ్లతో తిరిగి తబలా వాయించిన మనిషి. మాటలు తక్కువ. దారి పొడుగునా నేనే మాట్లాడేవాణ్ని, ఆయన తల ఊపేవారు. అలా ఏడేళ్లు గడిచాయి.

తర్వాత తోడల్లుడు కొత్త కారు కొన్నాడు. కొన్నాడు సరే, దానితో వచ్చిన కంపెనీ స్టీరియోను ఉన్నచోటే ఉంచి, సీటు కింద ఆంప్లిఫయర్ పెట్టించి, తలుపుల్లో పెద్ద స్పీకర్లు బిగించాడు. ఆ ఆదివారం మామగారు మెట్లు దిగి రెండు కార్ల వంకా చూసి, "ఇయ్యాల చిన్నల్లుని బండ్ల వస్తనయ్యా" అన్నారు. మరుసటి వారం ఆ మాట కూడా లేదు, నేరుగా వెళ్లి అందులో కూర్చున్నారు. అట్లా మూడేళ్లు. ముందు అతని కారు, వెనక నాది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అతని కారు వెనకద్దంలోంచి మామగారి తెల్లటి తల పాటకు ఊగుతూ కనిపించేది, నాకు ఒళ్లంతా మండిపోయేది. డెబ్బై దాటిన మనిషి డబ్బా చప్పుడుకి పడిపోవడమేమిటని మా ఆవిడతో అంటే, "ఆయన ఏ బండ్ల కూసుంటే మీకేందండీ? స్పీకర్లతోని పోటీ పడతరా?" అని నవ్వింది. ఖాళీ అయిన ముందు సీటులో తను కూర్చోబోతే, వెనక కూర్చొమ్మని కసురుకున్నాను కూడా. తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆఖరికి ఆయన పుట్టినరోజు ఆదివారం నాడు వచ్చింది. ఆ ఒక్కరోజైనా సీటు నాదే కావాలని, ముందురోజు సాయంత్రం నారాయణగూడలో కార్ల స్టీరియోలు బిగించే ఒక దుకాణానికి వెళ్లాను. పాలమూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. తోడల్లుడి కారులో ఉన్నవాటికంటే పెద్దవి కావాలన్నాను. "పెద్దవే పెడదాం సార్. కంపెనీ స్టీరియో తియ్యొద్దు, తీస్తే డ్యాష్‌బోర్డు కొయ్యాల్సొస్తది. దాని స్పీకర్ వైర్లకెళ్లి పాట గుంజి ఆంప్లిఫయర్‌కి ఇద్దాం" అని పని మొదలుపెట్టాడు. కుడి తలుపులో వైర్లు కలిపే ముందు ఒక పెన్సిల్ సెల్లు తీసుకుని వైరు కొసలకు ఆనించాడు. స్పీకర్ అట్ట టక్కున బయటికి ఉబికింది. "కంపెనీ వైర్ల రంగు నమ్మరాదు సార్. గిట్ల సెల్లు పెట్టి, అట్ట ముందుకొస్తే సీదా, ఎనకకు పోతే ఉల్టా" అన్నాడు. అతను ఎడమ తలుపు విప్పుతుండగా చౌరస్తాలో అచ్చం మా తోడల్లుడి కారులాంటి తెల్ల కారు కనిపించింది. ఆఫీసు నుంచి అతను ఇంటికి వెళ్లే దారి అదే. అతన్ని చూసి వాత పెట్టుకుంటూ అతని కళ్లలోనే పడటమా! "చాలు బాబూ, సెల్లూ గిల్లూ వద్దు, రంగు చూసి కలిపెయ్" అని తొందరపెట్టాను. "మల్ల నన్ను అనొద్దు సార్" అంటూ కలిపేశాడు. ఆ తెల్ల కారు ఎవరిదో గానీ మా వాడిది కాదు.

ఆదివారం మామగారిని చెయ్యి పట్టుకుని తెచ్చి నా కారులో కూర్చోబెట్టాను. ఆయనకిష్టమైన పాత పాటలు పెట్టి ధ్వని పెంచాను. ఆయన కుడి చెయ్యి మోకాలి మీదికి వచ్చింది, చూపుడువేలు లేచింది. ఒకసారి కొట్టింది, ఆగింది. ఇంకోసారి కొట్టి ఇంకా ముందే ఆగిపోయింది. దేన్నో వెతుక్కుని దొరక్క ఊరుకున్నట్టు ఆ చెయ్యి ఒళ్లోకి జారింది. "మంచిగున్నదయ్యా" అన్నారు. ఇడ్లీలు తిన్నాక నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి చిన్నల్లుడి కారెక్కారు. నేనిచ్చిన పుట్టినరోజు కానుకకు దక్కిన మర్యాద అది. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు.

మధ్యాహ్నం తోడల్లుడు ఒక్కడే వచ్చాడు. "అన్నా, నీ బండ్ల దరువు దొరుకుతలేదన్నడు మామ, జర చాబీ ఇయ్యి" అని కారులో కూర్చుని రెండు నిమిషాలు పాట విన్నాడు. మా టీవీ రిమోట్లోంచి ఒక సెల్లు తీసుకుని ఎడమ తలుపు విప్పాడు. సెల్లు ఆనిస్తే స్పీకర్ అట్ట లోపలికి పోయింది. "ఒకటి ముందుకు నూకుతుంటే ఒకటి ఎనకకు గుంజుతున్నది. దరువంతా రెండు కలిసి మింగుతున్నయి" అంటూ వైర్లు అటుదిటు మార్చి టేపు చుట్టాడు. చుడుతూ, నా వంక చూడకుండా అన్నాడు: "మామకు సన్న చప్పుళ్లు ఇనొస్తలేవన్నా, చాన దినాల సంది. మన మాటలు సగం మూతి చూసే తెలుసుకుంటడు. దరువొక్కటే మంచిగ ఇనొస్తది. గందుకే పెట్టించిన. ఎవ్వరికి చెప్పకుమన్నడు." సంతోషించాల్సిన చోట నాకు ఇంకా మంటెత్తింది. మంచి స్పీకర్లున్నవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు. మంచివాడి మీద ఏం తెచ్చుకుంటాం? పైగా ఆ రహస్యం ఆయన పెద్దల్లుడికి చెప్పలేదు.

మరుసటి ఆదివారం అతనే మెట్ల దగ్గర నిలబడి, "మామా, నా బండ్ల ఏసీ వస్తలేదు, అన్న బండ్ల కూసో" అని, మూతి కనబడేలా నిదానంగా చెప్పాడు. అబద్ధం. మామగారు నా పక్కన కూర్చున్నారు. చిక్కడపల్లి సందు దాటక ముందే వేలు దరువు అందుకుంది, అశోక్‌నగర్ వచ్చేసరికి అయిదు వేళ్లూ మోకాలి మీద ఆడుతున్నాయి. "ఇప్పుడు దొరికిందయ్యా" అన్నారు నవ్వుతూ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలో సగం, ఆ సీటు అతను దానం చేస్తే వచ్చిందన్న ఉక్రోషానివే.

ఆ తర్వాత మామగారు ఏడాది కూడా లేరు. ఉన్నన్నాళ్లూ ఒక వారం నా కారు, ఒక వారం అతనిది. తోడల్లుడితో ఇప్పుడు బాగానే ఉంటాను, మొన్న అతనికి జ్వరమొస్తే చారు పట్టుకెళ్లాను కూడా. అయినా మామగారు ఏం వింటున్నారో తెలిసి అతను పక్కన కూర్చున్న ఆ మూడేళ్ల మీద మాత్రం కుళ్లు తగ్గలేదు. అంతకుముందు ఏడేళ్లు ఆయన నా పక్కనే కూర్చున్నారు. నేను రోడ్డు చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన వినపడని మాటలకు తల ఊపుతూనే ఉన్నారు. అతనికి దక్కిన కాలాన్ని చూసి ఏడవడం తేలిక, నా పక్కనే కూర్చుని వెళ్లిపోయిన కాలం గురించి ఎవరితో పోట్లాడను?