రెండూ ఎర్రచీటీవే

మా అమ్మ దృష్టిలో న్యాయమంటే ఒకే తాను. దసరాకి కొడుక్కి ఏ తానులోంచి చొక్కా గుడ్డ చింపిస్తే అల్లుడికీ అదే తానులోంచి చింపించాలి. నందిగామ బజారులో మా తమ్ముడూ మా ఆయనా పక్కపక్కన నడిచొస్తుంటే, పెళ్ళి బ్యాండులోంచి ఇద్దరు దారి తప్పి వచ్చినట్టుండేది.

"ఒకరు నలుపు, ఒకరు తెలుపు. ఒకరికి నప్పింది ఇంకొకరికి ఎట్లా నప్పుద్దమ్మా?" అని ఏటా పోట్లాడేదాన్ని.

"నప్పకపోతే పోయింది. కొడుక్కొకటీ అల్లుడికొకటీ పెట్టిందని రేపు నలుగురూ నన్ననకూడదు" అనేది.

ఆ నలుగురూ ఎవరో తెలుసుకుందామని చాలా ప్రయత్నించాను. మా వీధిలో ఎవరికీ మా ఇంటి చొక్కాల గురించి ఆలోచించే తీరిక లేదు. అయినా అమ్మ ఆ నలుగురికీ భయపడుతూనే బతికింది.

ఎనభైల మధ్యలో ఒక ఏడాది ఆ ఒకే తాను న్యాయం చొక్కాలు దాటి నీళ్ళలోకి దిగింది.

అప్పటికి నా కాపురం జగ్గయ్యపేటలో. మా ఆయన అక్కడొక సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్సు చూసేవారు. తమ్ముడికి నందిగామలో ఎరువుల షాపు. ఈ బావాబావమరుదులిద్దరికీ ఒకటే పిచ్చి, బొమ్మ పడవలు. మా ఆయన కొండపల్లి నుంచి పొనికి చెక్క తెప్పించి, చెక్కి, వార్నీషు పట్టించి, పాత టేపురికార్డరు మోటారు బిగించేవారు. ఊరి బయట సున్నపురాయి తవ్వి వదిలేసిన క్వారీ గుంటలో వానలకి నీళ్ళు నిలిస్తే ఆదివారం ఇద్దరూ అక్కడే. పడవని వదలడమే వాళ్ళ చేతిలో పని, పోవడం దాని ఇష్టం. అది తిన్నగా పోయి ఎదుటి గట్టుకి కొట్టుకునేది. తమ్ముడు లుంగీ ఎగ్గట్టి గుంట చుట్టూ పరిగెత్తి తెచ్చేవాడు. పెళ్ళీడు దాటి పొట్టలు వచ్చిన మగవాళ్ళకి ఇదేం ఆటని నేను అననే లేదంటే మీరు నమ్మరు. అన్నాను, చాలాసార్లు అన్నాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం బెజవాడ నుంచి వస్తూ, పరిటాల దాటాక లారీని తప్పించబోయి మా ఆయన స్కూటరు మీంచి పడ్డారు. కట్టు విప్పాక చూస్తే కుడిచేతి బొటనవేలు వంగదు. మిగతా వేళ్ళు బాగానే ఉన్నాయి. బొటనవేలొక్కటీ మేకులా నిలబడిపోయింది.

వేలు పోతే పోయింది, మనిషి ఎటుపోయాడన్నది నా పోట్లాట. చొక్కా గుండీలు నన్ను పెట్టమనేవారు. స్కూటరు తమ్ముడికిచ్చేశారు. ఉలి తీసి పైన పెట్టేశారు. చెక్కి ఉంచిన రెండు పడవలూ బీరువా మీద దుమ్ము పట్టాయి. ఏది చేతికిచ్చినా "నువ్వే కానియ్యి" అని పక్కకి జరిపేవారు. ఆ మాటంటే నాకు ఒళ్ళు మండేది. తెగ కోప్పడే మనిషితోనైనా కాపురం చెయ్యొచ్చు గానీ, అన్నీ పక్కకి జరిపే మనిషితో పోట్లాడటానికి కూడా ఏమీ మిగలదు.

ఆ సమయంలోనే ఓడ మీద ఉద్యోగం చేసే మా మావయ్య, అమ్మకి తమ్ముడు, సింగపూరు నుంచి ఉత్తరం రాశాడు. వచ్చేటప్పుడు అబ్బాయికీ అల్లుడుగారికీ పడవల్ని దూరం నుంచి తిప్పే ట్రాన్స్‌మిటర్లు తెస్తాననీ, ఏ రకం కావాలో చెప్పమనీ, షాపువాడి దగ్గర తీసుకున్న బొమ్మల కాగితాలు కూడా పెట్టాడు. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి పలకలాంటి పెట్టె. దాని మీద రెండు చిన్న పుల్లలు, రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ జరపాలి. రెండోది తుపాకీలా ఉంటుంది. ఎడం చేత్తో పిడి పట్టుకుని, మీట నొక్కితే పడవ వేగం అందుకుంటుంది. పక్కన చిన్న చక్రం, కుడిచేత్తో ఎటు తిప్పితే పడవ అటు తిరుగుతుంది.

తమ్ముడు ఒక్క చూపులో తేల్చేశాడు. "పుల్లలదే అక్కా. దీంట్లో దర్జా ఉంది. ఆ తుపాకీదేంటి, పిల్లకాయల బొమ్మలాగుంది."

"వాడు చెప్పిందే తెప్పించండి. నాది కూడా వాడే తిప్పుతాడులే" అన్నారు మా ఆయన.

అదిగో, మళ్ళీ జరపడం.

నేను చదివింది ఎకనామిక్స్. యంత్రాల సంగతి నాకు తెలియదు. కానీ చెప్పు కొనాలంటే పాదం చూసుకోవాలని తెలుసు. ముందు ఒక సబ్బు పెట్టెకి రెండు చిల్లులు పొడిచి, అగ్గిపుల్లలు గుచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన ఎడమ పుల్లని బాగానే జరిపారు. కుడి పుల్ల దగ్గరికొచ్చేసరికి వంగని వేలు పుల్లని జరపలేక పెట్టెనే తోసేసింది. ఆయన పెట్టెని అరుగు మీద పెట్టి పేపరు తీశారు.

మర్నాడు అటక మీంచి దీపావళి తుపాకీ దింపాను. దాని పక్కన పాలపొడి డబ్బా మూత పెట్టి, మధ్యలో మేకు కొట్టి, తిరిగేట్టు చేశాను. అది ఆయన చేతికిస్తుంటే గోడవతల పిన్నిగారు చూడనే చూసింది.

"ఏంటమ్మాయ్, మీ ఆయనకి తుపాకీ ఇస్తున్నావా? నీ నోటికి ఆయన పేల్చకుండా ఆగుతాడంటావా?"

"మీరు పక్కింట్లో ఉన్నారుగా పిన్నిగారూ, గుండు ఇద్దరికీ సరిపోద్దో లేదో చూస్తున్నాం" అన్నాను.

ఆయన నవ్వారు. నవ్వుతూనే మూత మీద చెయ్యి వేశారు. నాలుగు వేళ్ళూ అరచేయీ కలిసి మూతని కుడికి తిప్పాయి, ఎడమకి తిప్పాయి. బొటనవేలు పనీపాటా లేని పెద్దమనిషిలా పైన నిలబడి చూసింది. నేను లోపలికి వెళ్ళి బియ్యం కడుగుతుంటే అరుగు మీంచి తుపాకీ మీట టిక్కు టిక్కుమని చాలాసేపు వినిపించింది.

ఇక ఆయనతో కలిసి నందిగామ వెళ్ళి నా తీర్పు చెప్పాను. ఆయనకి చక్రం, తమ్ముడికి పుల్లలు. ఎవరికి ఏది పనికొస్తే అది.

అమ్మ వత్తులు చేస్తోంది. తలెత్తకుండానే "కుదర్దు" అంది. "కొడుక్కి దర్జా అయిందీ, అల్లుడికి పిల్లల బొమ్మలాంటిదీనా? ఇస్తే ఇద్దరికీ ఒకటే ఇవ్వాలి."

"ఆయన వేలు సంగతి నీకు తెలీదా?"

"తెలుసు గనకే చెప్తున్నా. ఆయనకొక్కరికే వేరేది ఇచ్చావంటే ఆ వస్తువు చూసినప్పుడల్లా వేలే గుర్తొస్తది."

పక్కగదిలో ఉన్న మా ఆయనకి ఇదంతా వినిపిస్తోంది. అక్కణ్ణుంచే "నాకంటూ ప్రత్యేకంగా ఏమీ వద్దండీ" అన్నారు. ఆ గొంతు వినగానే అమ్మ అన్నది అబద్ధం కాదనిపించింది. అలా అనిపించిందని ఆవిడతో అనలేదు, అది వేరే సంగతి.

తమ్ముడు మా ఇద్దరి మొహాలూ చూసి, పక్కగది వంకా చూసి నిట్టూర్చాడు. "సరే తల్లీ, రెండూ చక్రాలే తెప్పించండి. కానీ ముందు నీళ్ళలో దిగేది నా పడవే."

"దింపు. దాంతోపాటు నువ్వూ దిగు" అన్నాను.

అమ్మ దగ్గరుండి జవాబు రాయించింది. రెండూ ఒకటే రకం, ఒకటే రంగు, ఆవగింజంత తేడా ఉన్నా తేవద్దు.

వానలు వెనకపట్టాక మావయ్య దిగాడు. రెండు డబ్బాలూ అమ్మ ముందు పెట్టి, యుద్ధం గెలిచి వచ్చినవాడిలా చెప్పాడు. "ఆ షాపువాడు మహా మొండోడు అక్కయ్యా. ఒకదానికి ఎర్రచీటీ, ఇంకోదానికి పచ్చచీటీ ఉన్నవి అంటగట్టబోయాడు. రెండు కావాలంటే అట్లాగే తీసుకోవాలంట. వాడేదో చెప్పబోతే నేను విన్లా. మా అక్క ఊరుకోదయ్యా అని పోట్లాడి రెండూ ఎర్రచీటీవే తెచ్చా."

అమ్మ చీటీలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తృప్తిగా తలూపింది.

పడవల్లో సరంజామా అంతా తమ్ముడు బిగించాడు. ఎక్కడ ఏది పెట్టాలో మా ఆయన పక్కన కూర్చుని వేలు పెట్టి చూపించారు. ఆదివారం అందరం క్వారీ గుంటకి వెళ్ళాం. అమ్మ కూడా పొద్దున్నే బస్సులో పులిహోర గిన్నెతో దిగిపోయింది. సున్నపురాయి అడుగున ఉండటం వల్ల ఆ గుంటలో నీళ్ళు నీలి మందు కలిపినట్టుండేవి.

ఒప్పందం ప్రకారం తమ్ముడి పడవ ముందు దిగింది. చక్కగా వెళ్ళింది, తిరిగింది, వచ్చింది. తర్వాత మా ఆయన తన పడవని నీళ్ళలో పెట్టి, పిడి పట్టుకుని, మీట నొక్కారు.

పడవ దెయ్యం పట్టినట్టు ఉన్నచోటే గింగిరాలు తిరిగింది. ఆయన కుడికి తిప్పితే ఎడమకి పోయింది. అంతసేపూ బుద్ధిగా ఉన్న తమ్ముడి పడవ కూడా ఆగి, ఉలిక్కిపడి, రాళ్ళవైపు దూకింది.

"బావా, మెల్లగా! చక్రం అంత గట్టిగా తిప్పమాక!"

"తిప్పలేదురా."

ఆయన మళ్ళీ తిప్పి చూశారు. మళ్ళీ అంతే. ఆయన పడవని వదిలేసి తన చేతివంకే చూసుకుంటూ ఉండిపోయారు. తర్వాత పిడిని తమ్ముడివైపు చాచి, "చెయ్యి మాట వినట్లేదు. నువ్వే కానియ్యి" అన్నారు.

ఇప్పుడు దీన్ని కూడా పక్కకి జరిపేస్తే ఇంక జీవితంలో మరో వస్తువు పట్టుకోరని నాకు తెలిసిపోయింది. తుపాకీకి మూత కట్టిన నేను, ఒకే రకం కావాలన్న అమ్మ, దర్జా వదులుకున్న తమ్ముడు, అందరం కలిసి ఆయన్ని ఇంకా లోతుకి తోసినట్టయింది.

తమ్ముడు తన దాని స్విచ్చి ఆపి రాయి మీద పెట్టాడు. బావగారిది అందుకుని చక్రం కుడికి తిప్పాడు.

రెండు పడవలూ కుడికి తిరిగాయి.

ఎడమకి తిప్పాడు. రాళ్ళ దగ్గర ఉన్నదీ, నీళ్ళ మధ్యలో ఉన్నదీ, పోలీసు కవాతులా ఒక్కసారే ఎడమకి తిరిగాయి.

"ఓర్నీ! ఎర్రదీ పచ్చదీ అని వాడు మొత్తుకుంది ఇందుకా!" అన్నాడు మావయ్య.

చీటీ రంగు అందానికి కాదు. ఏ పడవ ఏ చేతి మాట వినాలో చెప్పే గుర్తు అది. రెండూ ఎర్రచీటీవే అయ్యేసరికి ప్రతి పడవా ఇద్దరి మాటా ఒకేసారి వింటోంది. ఇద్దరి మాటా వినే ప్రాణి ఏమవుతుందో ఏ కొత్త కోడలినడిగినా చెబుతుంది.

"చూశావా అమ్మా నీ న్యాయం! ఒకే తాను, ఒకే చీటీ!" అని అందుకున్నాను.

అమ్మ పులిహోర గిన్నె మూత తీస్తూ అంది, "ఇద్దరికీ ఒకేలా అన్నాను గానీ, ఒకేసారి అన్నానటే? ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తిప్పుకోండి."

నేను తమ్ముడి చేతిలోంచి ట్రాన్స్‌మిటర్ లాక్కుని ఆయన ముందు పెట్టాను. "తప్పు మీ చేతిది కాదని ఇప్పుడు చూశారుగా. పట్టుకోండి."

ఆయన వెంటనే పట్టుకోలేదు. రాయి మీద ఆపి ఉన్న తమ్ముడి దానివంక ఒకసారి చూసి, అప్పుడు అందుకున్నారు. తమ్ముడు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి తన పడవని తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇప్పుడు నీళ్ళ మీద ఒకటే పడవ. అది కాస్త తడబడి, తిన్నగా పడి, గుంట మధ్యలో పొడుచుకొచ్చిన రాయి చుట్టూ వెడల్పుగా తిరిగి వెనక్కి వచ్చింది. నాలుగు వేళ్ళూ చక్రం మీద, బొటనవేలు పైన.

"అయింది గదా బావా. ఇక నా వంతు."

"ఉండరా, ఇంకో చుట్టు."

ఆ చుట్టూ అయింది. తమ్ముడు నావైపు తిరిగాడు. "అక్కా, నువ్వే చెప్పు. వంతు అయిందా, లేదా?"

"అవలేదు" అన్నాను. అయిందని గట్టు మీదున్న మేకకి కూడా తెలుసు.

వాడు ఆఖరి కోర్టుకి వెళ్ళాడు. "అమ్మా, ఊరుకున్నావంటే నువ్వు తేడా చూపిస్తున్నట్టే!"

అన్నేళ్ళుగా ఏ మాటకి భయపడిందో ఆ మాట కన్నకొడుకు నోటే విన్నది అమ్మ. అల్లుడి చేతివంక చూసింది. ఆకులో పులిహోర పెట్టి కొడుకు చేతికిచ్చింది.

"చూపిస్తున్నాన్రా. కూర్చుని తిను."

మా ఆయన ఎవరివంకా చూడలేదు. పడవ మూడోసారి రాయి వైపు తిరిగింది.